పాత టీవీకి స్ట్రీమింగ్ స్టిక్: కొనే ముందు టీవీ వెనక టార్చి వేసి చూడండి

మా మామయ్య వాళ్ల హాల్లో ఉన్న టీవీ 2012లో కొన్నది. 32 అంగుళాల ఎల్‌సీడీ. ఇన్నేళ్లయినా బొమ్మ చెక్కుచెదరలేదు. ఆయన బాధల్లా ఒక్కటే. కొత్త సినిమా ఓటీటీలోకి వచ్చిందని మనవడు ఫోన్ తెచ్చి ముందు పెడతాడు, అరచేతిలో బొమ్మ ఆయన కళ్లకు ఆనదు. "కొత్త స్మార్ట్ టీవీ తీసుకోండి" అని అందరూ చెప్పారు. పాడవని వస్తువుని పారేయడానికి ఆయనకు చేతులు రాలేదు. చివరికి మూడు వేల చిల్లర పెట్టి ఒక స్ట్రీమింగ్ స్టిక్ తగిలించాం. టీవీకి గుచ్చి వైఫైకి కలిపితే యూట్యూబ్, ఓటీటీలు ఆడించే చిన్న పరికరం అది. ఆ తర్వాత చుట్టాలిళ్లలో ఇంకో నాలుగు టీవీలకు నేనే బిగించాను. ఆ పనిలో చేసిన తప్పులూ, నేర్చుకున్న కిటుకులూ ఇవి.

స్టిక్ అనగానే అందరూ "ఏ కంపెనీది మంచిది?" అని మొదలుపెడతారు. అది ఆఖర్న తేల్చాల్సిన సంగతి. ముందు తేలాల్సినవి రెండు: మీ టీవీ వెనక ఏ పోర్టులు ఉన్నాయి, రిమోట్ ఎవరి చేతిలో ఉండబోతోంది.

1. ముందు టీవీ వెనక్కి వెళ్లండి

ఫోన్ టార్చి వేసి చూడండి. గోడకు బిగించిన టీవీ అయితే తల దూరదు కాబట్టి, ఫోన్‌ని వెనక సందులోకి పెట్టి వీడియో తీసి చూసుకోండి. మీరు వెతుకుతున్నది హెచ్‌డీఎంఐ పోర్ట్. దాదాపు ఒకటిన్నర సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది, సన్నగా, కింది రెండు మూలలూ లోపలికి నొక్కినట్టుంటాయి. పక్కనే పేరు అచ్చు వేసి ఉంటుంది. ఎన్ని ఉన్నాయో, వాటిలో ఖాళీవి ఎన్నో లెక్కపెట్టండి.

పెన్‌డ్రైవ్ పెట్టే యూఎస్‌బీ పోర్ట్ కనిపించగానే "మనకు ఉంది కదా" అనుకోకండి. స్టిక్ చూడ్డానికి పెన్‌డ్రైవ్‌లానే ఉంటుంది కాబట్టి చాలామంది అక్కడ పొరపడతారు. స్టిక్ దూరేది హెచ్‌డీఎంఐలోనే.

హెచ్‌డీఎంఐ ఒక్కటే ఉండి, దానికి డిష్ బాక్స్ తగిలించి ఉందనుకోండి. ప్రతిసారీ పీకి పెట్టడం పెద్దవాళ్ల వల్ల కాదు. షాపులో హెచ్‌డీఎంఐ స్విచ్ అని అడగండి. స్ప్లిటర్ అని ఇస్తే తీసుకోవద్దు. స్ప్లిటర్ ఒక బాక్స్ బొమ్మను రెండు టీవీలకు పంచుతుంది. మనకు కావాల్సింది దానికి తలకిందులు, రెండు బాక్సులు ఒక టీవీకి. కౌంటర్‌లో ఉన్న కుర్రాళ్లకు కూడా చాలాసార్లు ఈ తేడా తెలియదు.

పోర్ట్ ఉంటే చాలదు, అది పనిచేయాలి కూడా. పదేళ్లుగా ఎవరూ వాడని పోర్టులో దుమ్ము, కొన్ని ఊళ్లలో తేమకు పట్టిన చిలుము ఉంటాయి. ఇంట్లో ల్యాప్‌టాప్ ఉంటే కేబుల్‌తో టీవీకి కలిపి చూడండి. లేదంటే పక్కింటి వాళ్ల సెట్‌టాప్ బాక్స్ పది నిమిషాలు అడిగి తెచ్చుకోండి. బొమ్మ, శబ్దం రెండూ వస్తే అప్పుడు డబ్బు తీయండి.

టీవీ వెనక స్టిక్కర్ మీద మోడల్ నంబర్ ఉంటుంది. దాన్ని నెట్‌లో కొడితే తెర రిజల్యూషన్ తెలుస్తుంది. 1366×768 అని ఉంటే హెచ్‌డీ రెడీ. 1920×1080 అయితే ఫుల్ హెచ్‌డీ. అప్పట్లో కొన్న 32 అంగుళాల టీవీలు ఎక్కువగా మొదటి రకమే. ఈ రెండిట్లో ఏదైనా సరే, 4కె స్టిక్ పెట్టినంత మాత్రాన బొమ్మ 4కె అవదు. తెరలో చుక్కలు ఎన్నుంటే అన్నే.

హెచ్‌డీఎంఐ అసలు లేకపోతే

ఎర్ర, తెల్ల, పసుపు పిన్నులు మాత్రమే ఉన్న డబ్బా టీవీ అయితే మధ్యలో ఒక కన్వర్టర్ పెట్టాలి. నా మొదటి తప్పు ఇక్కడే జరిగింది. మా పెద్దమ్మ వాళ్ల టీవీ కోసం ఆన్‌లైన్‌లో వెతికి, ఫొటో చూసి, అర చెయ్యంత తెల్ల డబ్బా ఒకటి తెప్పించాను. స్టిక్ పెట్టాను, మూడు పిన్నులూ గుచ్చాను, తెర నల్లగానే ఉంది. గంటసేపు కుస్తీ పట్టాక డబ్బా వెనక్కి తిప్పి చూస్తే, అది ఏవీ (ఆ మూడు పిన్నులది) నుంచి హెచ్‌డీఎంఐకి మార్చేది. నాకు కావాల్సింది హెచ్‌డీఎంఐ నుంచి ఏవీకి మార్చేది. రెండూ ఒకే రంగు, ఒకే సైజు, దాదాపు ఒకే ధర. బాణం గుర్తు ఎటు నుంచి ఎటు ఉందో చూసి కొనండి.

సరైనది వచ్చాక కూడా బొమ్మ నలుపు తెలుపులో వచ్చినా, పైకీ కిందకీ దొర్లుతున్నా భయపడొద్దు. డబ్బా పక్కన పాల్, ఎన్‌టీఎస్‌సీ అని చిన్న మీట ఉంటుంది, అవి రెండు రకాల టీవీ సిగ్నల్ పద్ధతులు. మన దేశంలో అమ్మిన టీవీలకు పాల్ వైపు జరపాలి. కన్వర్టర్‌కి కూడా విడిగా కరెంటు కావాలి కాబట్టి స్విచ్ బోర్డులో రెండు ప్లగ్గులు ఖాళీ పెట్టుకోండి.

డబ్బా టీవీకి ఇంత చేయడం దండగ అనే నా అభిప్రాయం. తెర చతురస్రంగా ఉండటం వల్ల పైనా కిందా నల్ల పట్టీలు వస్తాయి, మెనూలో అక్షరాలు చీమల్లా కనిపిస్తాయి. కొన్ని కన్వర్టర్లు కాపీ రక్షణ ఉన్న వీడియోని ఒప్పుకోవు, అప్పుడు యూట్యూబ్ ఆడుతుంది కానీ ఓటీటీ సినిమా పెడితే తెర నల్లబడుతుంది. పాత పాటలు, ప్రవచనాలు యూట్యూబ్‌లో చూస్తే చాలు అనేవాళ్లకైతే పర్వాలేదు. సినిమాల కోసమైతే ఆ డబ్బు దాచి, చిన్న కొత్త టీవీ వైపు వెళ్లండి.

2. అటక మీద ఏముందో చూడండి

కొనే ముందు ఇంట్లో ఇదివరకే ఉన్నవాటిని లెక్కేయండి. జియో, ఎయిర్‌టెల్, ఏపీ ఫైబర్‌నెట్ లాంటి కనెక్షన్లలో చాలా ప్లాన్లకు సెట్‌టాప్ బాక్స్ కూడా ఇస్తారు. చాలా ఇళ్లలో అది రూటర్‌తో పాటు వచ్చి, అట్టపెట్టె కూడా విప్పకుండా బీరువా మీద పడుంటుంది. దాన్ని టీవీకి కలిపి, మీకు కావాల్సిన యాప్‌లు అందులో ఉన్నాయేమో చూడండి. ఉంటే ఈ వ్యాసం ఇక్కడితో ఆపేసి సినిమా చూసుకోవచ్చు. బాక్స్ రాకపోయి ఉంటే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి "మా ప్లాన్‌కి బాక్స్ వస్తుందా, డిపాజిట్ ఎంత?" అని అడగండి.

కొందరి టీవీ "స్మార్ట్" అనే పేరుతోనే ఉంటుంది, కానీ యాప్‌లు తెరుచుకోవు. టీవీ పాడైందేమో అనుకుంటారు. టీవీ బాగానే ఉంటుంది, లోపలి సాఫ్ట్‌వేర్‌కి కాలం చెల్లింది, అంతే. 2012లోనూ అంతకు ముందూ వచ్చిన చాలా స్మార్ట్ టీవీల్లో యూట్యూబ్ యాప్ 2015 ఏప్రిల్‌లో ఆగిపోయింది. కొన్ని పాత శాంసంగ్ మోడళ్లలో నెట్‌ఫ్లిక్స్ 2019 డిసెంబర్‌లో ఆగింది. ఇలాంటి టీవీకి స్టిక్ పెడితే ప్రాణం లేచొస్తుంది.

ఫోన్‌నే కేబుల్‌తో టీవీకి కలపొచ్చు కదా అంటారు. టైప్ సి నుంచి హెచ్‌డీఎంఐకి వెళ్లే కేబుల్ ఆన్‌లైన్‌లో కనిపిస్తుంది కూడా. బడ్జెట్ ఫోన్లలో ఎక్కువ వాటికి ఆ పోర్టులోంచి వీడియో బయటికి వచ్చే ఏర్పాటే ఉండదు. కొని, గుచ్చి, ఏమీ రాక, వాపసు పంపిన వాళ్లు నాకు ముగ్గురు తెలుసు.

3. నెట్ ఎంత వస్తోందో టీవీ దగ్గరే కొలవండి

రూటర్ పక్కన నిలబడి స్పీడ్ చూసుకుంటే అందరికీ బాగానే ఉంటుంది. స్టిక్ ఉండేది టీవీ వెనక. ఫోన్‌ని వైఫైకి కలిపి, సరిగ్గా టీవీ వెనక పట్టుకుని స్పీడ్ టెస్ట్ చేయండి. నెట్‌ఫ్లిక్స్ చెప్పే లెక్క ప్రకారం 720పి బొమ్మకు సెకనుకు 3 ఎంబీ, ఫుల్ హెచ్‌డీకి 5 ఎంబీ, 4కెకి 15 ఎంబీ వేగం ఉండాలి. వాళ్లు ఎంబీ అనేది మెగాబిట్లను, నెట్ కంపెనీలు ప్లాన్‌లో చెప్పేది కూడా అదే. 30 లేదా 40 ఎంబీ ప్లాన్ ఉన్నవాళ్లకు వేగం సమస్య కాదు, మధ్యలో గోడలే సమస్య.

రూటర్‌లో రెండు పేర్లతో వైఫై కనిపిస్తుంటే, ఒకే గదిలో ఉన్నప్పుడు 5 గిగాహెర్ట్జ్‌ది వాడండి. మధ్యలో రెండు గోడలుంటే 2.4దే మేలు, అది గోడలు దాటి వస్తుంది.

ఇంట్లో ఫైబర్ లేదు, ఫోన్ హాట్‌స్పాట్‌తో లాగిద్దాం అనుకునేవాళ్లు డేటా లెక్క చూసుకోవాలి. మామూలు బొమ్మకు గంటకు దాదాపు 1 జీబీ, హెచ్‌డీకి 3 జీబీ వరకూ ఖర్చవుతుంది. మన సినిమా రెండున్నర గంటలు. రోజుకు 1.5 జీబీ ప్యాక్ అయితే, మామూలు క్వాలిటీలో పెట్టినా క్లైమాక్స్‌కి చాలా ముందే అయిపోతుంది.

4. ఏ యాప్‌లు చూస్తారో రాసుకోండి, ప్లాన్ కూడా

తెల్ల కాగితం మీద రాయండి: యూట్యూబ్, ఆహా, ఈటీవీ విన్, జియోహాట్‌స్టార్, జీ5, సన్ నెక్స్ట్, ప్రైమ్, నెట్‌ఫ్లిక్స్. ఇందులో మీ ఇంట్లో నిజంగా చూసేవి టిక్ పెట్టండి. ప్రతి యాప్ వాళ్ల సహాయం పేజీలోనూ ఏయే పరికరాల్లో ఆడుతుందో రాసి ఉంటుంది. కొనబోయే స్టిక్ పేరు అక్కడ ఉందో లేదో చూడండి. ఫోన్‌లో ఆడుతోంది కదా అని టీవీలోనూ ఆడుతుందనుకోకూడదు.

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. నెట్‌ఫ్లిక్స్‌లో నెలకు 149 రూపాయల మొబైల్ ప్లాన్ ఫోన్లకూ, ట్యాబ్లెట్లకే. టీవీలో ఆడదు. రీచార్జ్‌తో పాటు ఉచితం అని వచ్చే ఓటీటీలు కూడా చాలావరకు మొబైల్ రకమే. స్టిక్ కొని, బిగించి, అందరూ సోఫాలో కూర్చున్నాక "ఈ ప్లాన్‌కి టీవీ లేదు" అని తెర మీద వస్తే ఉండే మంట అంతా ఇంతా కాదు.

ఇంకోటి. హైదరాబాద్‌లో ఉన్న కొడుకు అకౌంట్ ఊళ్లో అమ్మానాన్నల టీవీలో వేద్దాం అనుకుంటారు. నెట్‌ఫ్లిక్స్ 2023 జూలై నుంచి మన దేశంలో ఒక అకౌంట్ ఒకే ఇంటివాళ్లకే అంటోంది. ప్రైమ్ 2025 జనవరి నుంచి ఒక సభ్యత్వం మీద ఐదు పరికరాలు, వాటిలో టీవీలు రెండే అని పరిమితి పెట్టింది. ఎవరి అకౌంట్ ఎక్కడ వాడాలో ఇంట్లో ముందే మాట్లాడుకోండి.

డబ్బు పెట్టడం ఇష్టం లేనివాళ్లకు కూడా స్టిక్ ఉపయోగమే. తెలుగు వార్తా ఛానళ్లు యూట్యూబ్‌లో లైవ్ ఇస్తున్నాయి. ప్రసార భారతి 2024 నవంబర్‌లో మొదలుపెట్టిన వేవ్స్ యాప్‌లో దూరదర్శన్ ఛానళ్లు వస్తాయి. మా మామయ్య అయితే డిష్ రీచార్జ్ చిన్న ప్యాక్‌కి దించేశారు.

5. అట్టపెట్టె మీద ఏం చదవాలి

పెద్దక్షరాల్లో 4కె, అల్ట్రా అని ఉన్నవి కాదు, వెనక చిన్నక్షరాలు చదవండి.

ర్యామ్ ఒకటి. తక్కువ ధర స్టిక్‌లలో 1 జీబీ ఉంటుంది. యూట్యూబ్, ఒకటి రెండు ఓటీటీలు చూసేవాళ్లకు అది నడుస్తుంది, కానీ ఒక యాప్‌లోంచి ఇంకోదానికి వెళ్తే రెండు మూడు సెకన్లు ఆలోచిస్తుంది. 2 జీబీ అయితే హాయి. స్టోరేజ్ చాలా వాటిలో 8 జీబీయే, అందులో సిస్టమ్ పోగా మనకు మిగిలేది కొంతే. అన్ని యాప్‌లూ ఎక్కించకుండా చూసేవే ఉంచుకోవాలి.

రిమోట్ మీద వాల్యూమ్, పవర్ బటన్లు ఉన్నాయా? ఇది ర్యామ్ కంటే ముఖ్యం అంటాను. అవి లేకపోతే సినిమా ఒక రిమోట్‌తో, శబ్దం ఇంకో రిమోట్‌తో. పెద్దవాళ్ల చేతిలో రెండు రిమోట్లంటే రోజూ మనకు ఫోనే. 2020లో వచ్చిన ఫైర్ టీవీ స్టిక్ లైట్ ధర తక్కువే కానీ దాని రిమోట్‌లో ఆ బటన్లు లేవు. సెకండ్ హ్యాండ్‌లో ఎవరైనా అది అమ్మజూపితే గుర్తుపెట్టుకోండి.

వైడ్‌వైన్ ఎల్1 అనే మాట కూడా వెతకండి. ఓటీటీ కంపెనీలు హెచ్‌డీ బొమ్మ ఇవ్వాలంటే పరికరానికి ఈ భద్రతా స్థాయి అడుగుతాయి. ఎల్3 మాత్రమే ఉంటే 480పి దగ్గరే ఆపేస్తాయి, మొహాలు మసగ్గా కనిపిస్తాయి. అమెజాన్, షావోమీ లాంటి పేరున్న స్టిక్‌లకు ఈ బెంగ ఉండదు.

పేరు లేని నల్ల బాక్సులు

ఎలక్ట్రానిక్స్ సందుల్లోనూ, ఆన్‌లైన్‌లోనూ పదిహేను వందలకూ రెండు వేలకూ ఆండ్రాయిడ్ బాక్సులు అమ్ముతుంటారు. 4 జీబీ ర్యామ్, 8కె, ఇంకా ఏవేవో రాసి ఉంటాయి. "జీవితాంతం అన్ని ఛానళ్లూ ఫ్రీ" అని కూడా. వీటి జోలికి వెళ్లకండి. గూగుల్ ధ్రువీకరణ ఉండదు, ఓటీటీలు మసగ్గా ఆడతాయి లేదా ఆడవు. అది చిన్న నష్టమే. టీ95 అనే బాక్స్‌లో కొన్నప్పుడే మాల్‌వేర్ (హాని చేసే దొంగ సాఫ్ట్‌వేర్) కూర్చుని ఉందని 2023 జనవరిలో ఒక పరిశోధకుడు బయటపెట్టాడు. 2025 జూన్‌లో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ, ఇలాంటి బాక్సుల్లో పాకిన బ్యాడ్‌బాక్స్ 2.0 అనే మాల్‌వేర్ గురించి హెచ్చరిక ఇచ్చింది. మీ ఇంటి నెట్‌ని మీకు తెలియకుండా వేరేవాళ్ల దొంగ పనులకు అద్దెకిచ్చినట్టు అవుతుంది. అదే వైఫై మీద మీ ఫోన్‌లో యూపీఐ కూడా నడుస్తుంటుంది కదా.

6. నేనైతే ఏది కొంటాను

హెచ్‌డీ రెడీ లేదా ఫుల్ హెచ్‌డీ టీవీ, వాడేది పెద్దవాళ్లు, బడ్జెట్ తక్కువ: అమెజాన్ ఫైర్ టీవీ స్టిక్‌లో మామూలు హెచ్‌డీ రకం. పండగ సేల్స్‌లో ధర బాగా దిగుతుంది, రెండు మూడు వారాలు ఆగగలిగితే ఆగండి. ప్రకటనలు ఎక్కువ, అది నాకు చిరాకే. కానీ రిమోట్ తేలిక, యాప్‌లు దాదాపు అన్నీ ఉంటాయి.

ఇంట్లో అందరివీ ఆండ్రాయిడ్ ఫోన్లు, పిల్లలు ఫోన్‌లోది టీవీకి పంపాలంటారు, వెయ్యి రెండు వేలు ఎక్కువైనా పర్వాలేదు: ఆండ్రాయిడ్ టీవీ లేదా గూగుల్ టీవీ ఉన్న 2 జీబీ ర్యామ్ స్టిక్, షావోమీ 4కె లాంటిది. టీవీకి 4కె అక్కర్లేకపోయినా ఆ ర్యామ్ కోసం తీసుకోవచ్చు. రేపు టీవీ మారినా పనికొస్తుంది.

ఫోన్‌లోది టీవీకి పంపే గూగుల్ పరికరం క్రోమ్‌కాస్ట్ పాతది చౌకగా వస్తోందంటే నేను వద్దంటాను. గూగుల్ 2024 ఆగస్టులో వాటి తయారీ ఆపేసింది. మొదటి తరం దానికి అప్‌డేట్లు 2023లోనే ఆగిపోయాయి. 2025 మార్చిలో రెండో తరంవి ప్రపంచమంతా ఒకేసారి మొరాయించాయి, లోపల ఉన్న ఒక సర్టిఫికెట్ గడువు తీరిపోయిందట, తర్వాత గూగుల్ సరిచేసింది. పైగా ఆ పాతవాటికి రిమోట్ ఉండదు. ఫోన్ లేకుండా ఏమీ చేయలేరు.

అమెరికా నుంచి అమ్మాయో అబ్బాయో వస్తూ "అక్కడ చౌక, తెస్తాను" అంటారు. రోకు అనే అక్కడి స్టిక్ అయితే వద్దని చెప్పండి, దాన్ని మన దేశంలో అమ్మరు. అక్కడ కొన్న ఫైర్ స్టిక్ పనిచేస్తుంది కానీ అకౌంట్ ఏ దేశానిదైతే యాప్‌లు ఆ దేశానివే చూపిస్తుంది. ఇక్కడి అకౌంట్‌తో లాగిన్ అవ్వాలి, ప్లగ్గుకి మన పిన్ అడాప్టర్ కొనాలి, చెడిపోతే వారంటీకి ఎక్కడికి వెళ్లాలో తెలియదు. ఇక్కడే కొనుక్కోండి, బిల్లు దాచుకోండి.

పాత 32 అంగుళాల టీవీ తెరలో అప్పటికే గీతలు, మచ్చలు ఉంటే స్టిక్ మీద డబ్బు పెట్టడం అనవసరం.

7. బిగించేటప్పుడు

స్టిక్‌తో పాటు చిన్న ఎక్స్‌టెండర్ వైరు వస్తుంది. పోర్టులో నేరుగా పట్టినా దాన్ని వాడండి. స్టిక్ టీవీ వీపుకి అంటుకుని వేడెక్కదు, వైఫై కూడా కాస్త మెరుగ్గా అందుతుంది.

కరెంటు మాత్రం స్టిక్‌తో వచ్చిన అడాప్టర్ నుంచే ఇవ్వండి. నా రెండో తప్పు ఇదే. వైరు కనబడకుండా అందంగా ఉంటుందని టీవీ యూఎస్‌బీకే పెట్టాను. మామయ్య సాయంత్రం ఫోన్: "ఏరా, అరగంటకోసారి ఆగి మళ్లీ మొదటి నుంచి లేస్తోంది." పాత టీవీల యూఎస్‌బీ అర ఆంపియర్ ఇస్తుంది, స్టిక్ అడిగేది ఒక ఆంపియర్. అడాప్టర్‌కి మార్చగానే ఆ జబ్బు పోయింది.

తర్వాత టీవీ రిమోట్‌లో సోర్స్ లేదా ఇన్‌పుట్ నొక్కి, స్టిక్ పెట్టిన హెచ్‌డీఎంఐ నంబర్ ఎంచుకోండి. వైఫై పాస్‌వర్డ్ కొట్టండి. వెంటనే అప్‌డేట్ మొదలవుతుంది, నెట్‌ని బట్టి పావుగంట, ఇరవై నిమిషాలు. మధ్యలో పీకకండి. ఫైర్ టీవీ అయితే మీ టీవీ కంపెనీ పేరు అడిగి, పాట వినిపించి, వాల్యూమ్ బటన్ పనిచేసిందా అని అడుగుతుంది. తొందరపడి దాటేయకుండా ఆ ఒక్క పని నింపాదిగా చేయండి.

యాప్‌లు తెరిస్తే తెర మీద కోడ్ ఇచ్చి, ఫోన్‌లో ఫలానా పేజీలో కొట్టమంటాయి. తెర మీద ఉన్న చిరునామా అక్షరం పొల్లు పోకుండా టైప్ చేయండి. గూగుల్‌లో వెతికితే యాక్టివేషన్ ఫీజు అడిగే దొంగ పేజీలు, దొంగ కస్టమర్ కేర్ నంబర్లు తగులుతాయి. కోడ్ కొట్టడానికి ఎవరికీ పైసా ఇవ్వక్కర్లేదు. మీ ఫోన్‌ని దూరం నుంచి వేరేవాళ్లు నడిపించే ఎనీడెస్క్ లాంటి యాప్‌లు వేసుకోమంటే ఫోన్ కట్ చేయండి.

పాత టీవీలతో వచ్చే మూడు తంటాలు ఇవి.

బొమ్మ వస్తుంది, శబ్దం రాదు. లేదా యూట్యూబ్‌లో వస్తుంది, ఓటీటీలో రాదు. డాల్బీ ఆడియో ఆ టీవీకి అర్థం కావట్లేదన్నమాట. ఫైర్ టీవీ సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే అండ్ సౌండ్స్, అందులో ఆడియో, అందులో సరౌండ్ సౌండ్‌ని పీసీఎంకి (మామూలు ఆడియోకి) మార్చండి. నాలుగిళ్లలో రెండిట్లో ఇదే.

అంచులు తెగిపోయి, స్క్రోలింగ్ వార్తలు సగం కనబడతాయి. టీవీ పిక్చర్ సైజ్‌లోకి వెళ్లి ఎల్‌జీలో జస్ట్ స్కాన్, శాంసంగ్‌లో స్క్రీన్ ఫిట్, సోనీలో ఫుల్ పిక్సెల్ పెట్టండి. అది లేని టీవీ అయితే స్టిక్‌లోనే తెర అంచులు సరిచేసే ఆప్షన్ వాడండి.

స్టిక్ రిమోట్ నొక్కితే టీవీ తనంతట తాను ఆ హెచ్‌డీఎంఐకి మారదు. టీవీ మెనూలో సీఈసీ ఆన్ చేయాలి, అంటే హెచ్‌డీఎంఐ ద్వారా టీవీ, స్టిక్ ఒకదాని మాట ఒకటి వినే ఏర్పాటు. ఆ పేరుతో ఏ కంపెనీ రాయదు. శాంసంగ్‌లో ఎనీనెట్ ప్లస్, ఎల్‌జీలో సింప్‌లింక్, సోనీలో బ్రావియా సింక్, పానసోనిక్‌లో వియెరా లింక్ అని ఉంటుంది.

8. రిమోట్ పెద్దవాళ్ల చేతికి ఇచ్చే ముందు

బిగించడం గంట పని. వాళ్లకు అలవాటయ్యేదాకా వారం పడుతుంది, ఆ వారం తేలిక చేయడానికి కొన్ని చేయొచ్చు.

ప్రైమ్‌లో కొనుగోళ్లకు పిన్ పెట్టండి. అద్దె సినిమాలు కూడా అదే వరుసలో కనిపిస్తాయి, ఓకే ఓకే అని నొక్కుకుంటూ పోతే డబ్బు కట్టయిపోతుంది. ఫైర్ టీవీ హోమ్ పేజీలో తనంతట తాను అరిచే ప్రకటన వీడియోలను సెట్టింగ్స్‌లోని ప్రిఫరెన్సెస్‌లో ఫీచర్డ్ కంటెంట్ దగ్గర ఆపేయండి. యాప్‌ల వరుసలో నాలుగే ముందుకు తెచ్చి మిగతావి వెనక్కి నెట్టండి. ఒక్కో అక్షరం వెతికి టైప్ చేయడం వాళ్ల వల్ల కాదు కాబట్టి, ఇష్టమైన యూట్యూబ్ ఛానళ్లన్నీ మీరే సబ్‌స్క్రైబ్ చేసి పెట్టండి. మైక్ బటన్ నొక్కి పట్టుకుని సినిమా పేరు చెప్పడం నేర్పండి. నొక్కి వదిలేస్తారు, అక్కడే తేడా కొడుతుంది, పట్టుకోవాలి.

మా అత్తయ్య కనిపెట్టిన ఉపాయం ఒకటి. నల్ల రిమోట్ మీద నల్ల బటన్లు ఆవిడకు కనబడవు. హోమ్ బటన్ మీద ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క, వెనక్కి వెళ్లే బటన్ మీద తెల్ల చుక్క పెట్టింది. దారి తప్పితే ఎర్ర చుక్క, అంతే. మామయ్య స్విచ్ బోర్డు పక్కన క్యాలెండర్ కింద కాగితం అంటించుకున్నారు, ఆయన చేతిరాతలోనే:

స్విచ్ రెండోది వెయ్యాలి.
సోర్స్ నొక్కి హెచ్‌డీఎంఐ 2.
ఒక నిమిషం ఆగాలి, కంగారు పడి నొక్కకూడదు.
రాకపోతే ఎర్ర చుక్క.
అప్పటికీ రాకపోతే అల్లుడికి ఫోన్, కానీ తొమ్మిది దాటితే వద్దు.